దిద్దుబాటుకు చోటు

(సిరోంచలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు కోసం స్వల్పంగా సవరించిన పాఠం)



ఈ ఉపన్యాసానికి నిధి ఏర్పాటు చేసిన కుటుంబం నాకు ఒక షరతు పెట్టింది. ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆయన పేరు ఎత్తకూడదు, గుణగణాలు పొగడకూడదు. ఆయన కోరికే అదట. వారమంతా బడిలో మరాఠీలో పాఠం చెప్పి, ఆదివారం ఉదయం తెలుగులో సండే స్కూలు నడిపిన పంతులుగారు అని మాత్రం చెప్పనిచ్చారు. ఆయన శిష్యులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి పేరు చెప్పకపోయినా లోటు లేదు. విషయం కూడా ఆయన ఎంచి పెట్టిందే: బుద్ధి చెబితే వినడం గురించి బైబిలు జ్ఞానగ్రంథాలు ఏమంటున్నాయి?

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. వినే గుణాన్ని మనం స్వభావం కింద లెక్కేస్తాం. ఫలానా ఆయన వినయవంతుడు, ఫలానా ఆయన మొండివాడు అంటాం. బైబిలును, ఈ గడ్చిరోలి సరిహద్దు చరిత్రను పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు వేరే సంగతి కనబడింది. వినడం అనేది ఒక ఏర్పాటు. దాన్ని పూనుకుని కట్టుకున్న చోట జ్ఞానం నిలిచింది. కట్టుకోని చోట అధికారం పెరిగేకొద్దీ చెవి మూసుకుపోయింది.

1. తెలివైనవాడూ విద్యార్థే

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి. ఎవరి కోసం రాశారో మొదటి అధ్యాయమే చెబుతుంది. లోకం తెలియని అమాయకుల కోసం, యువకుల కోసం. ఇంతవరకు మనకు ఆశ్చర్యం లేదు. నీతి పుస్తకాలు ఎక్కడైనా పిల్లల కోసమే కదా. అయితే ఆ వెంటనే జ్ఞానిని కూడా పిలుస్తుంది: నువ్వూ విను, నీ పాండిత్యం పెంచుకో అంటుంది. పిల్లవాడి పక్కన, అదే బల్ల మీద, పండితుణ్ణి కూర్చోబెట్టిన పుస్తకం ఇది.

మూర్ఖుణ్ణి ఈ గ్రంథం ఎలా గుర్తుపడుతుందో చూడండి. చదువు రానివాణ్ణి ఎక్కడా మూర్ఖుడని అనదు. తన దారే సరైనదని తనకు తానే తీర్పు ఇచ్చుకునేవాణ్ణి అంటుంది. అపహాసకుణ్ణి గద్దిస్తే పగ పెంచుకుంటాడని, జ్ఞానిని గద్దిస్తే చెప్పినవాణ్ణే ప్రేమిస్తాడని తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. ఇద్దరివల్లా తప్పు జరిగింది, ఇద్దరికీ గద్దింపు వచ్చింది. తేడా ఆ తరవాతి నిమిషంలో ఉంది. ఇంకోచోట, తనను తాను జ్ఞాని అనుకునేవాడి కంటే మూర్ఖుడి విషయంలోనే ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చని కుండబద్దలు కొడుతుంది.

ప్రసంగి గ్రంథం ఇంకో అడుగు ముందుకు వేసింది. హెచ్చరికను చెవిన పెట్టడం మానేసిన ముసలి రాజు కంటే బీదవాడైన తెలివిగల కుర్రవాడు మేలని దాని నాలుగో అధ్యాయం అంటుంది. వయసు, సింహాసనం, రెండూ వినికిడిని తగ్గిస్తాయని ఆ రచయిత గమనించాడు. మన సంఘాల్లో, మన బడుల్లో, మన ఆఫీసుల్లో ఒక పెద్దమనిషి పైకెక్కేకొద్దీ ఆయనతో ఎదురు మాట్లాడేవాళ్లు తగ్గిపోతారు. ఆయన చెడ్డవాడై ఉండక్కర్లేదు. చెప్పేవాడు భయపడితే చాలు.

ఇక కథలకు వద్దాం. నిర్గమకాండం 18వ అధ్యాయం తీసుకోండి. మోషే అప్పటికే ఎర్రసముద్రం దాటించిన నాయకుడు, దేవునితో మాట్లాడేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలు తీరుస్తున్నాడు. చుట్టపుచూపుగా వచ్చిన మామ యిత్రో ఒక్కరోజు చూసి, ఈ పద్ధతి బాగాలేదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలను పెట్టుకోమని, పెద్ద తగాదాలు మాత్రమే నీ దగ్గరకు రానివ్వమని సలహా ఇచ్చాడు. యిత్రో మిద్యాను దేశపు యాజకుడు, అంటే పరాయి మతం పూజారి. దేవుడు నాతో నేరుగా మాట్లాడుతుంటే నువ్వెవరు అని మోషే అనలేదు. మామ చెప్పినదంతా చేశాడు. ఇశ్రాయేలు న్యాయవ్యవస్థకు తొలి రూపురేఖలు ఒక బయటివాడి సలహా నుంచి వచ్చాయని బైబిలే దాచకుండా రాసుకుంది.

రాజుల రెండో గ్రంథంలో నయమాను కథ పిల్లలందరికీ తెలుసు. సిరియా సేనాధిపతి, కుష్ఠరోగి. ఆయనకు దారి చూపినవాళ్లు ఎవరు? మొదట ఆయన ఇంట్లో చాకిరీ చేసే బందీ పిల్ల. తరవాత ప్రవక్త పంపిన కబురుమనిషి. కోపంతో వెనక్కి తిరిగితే నచ్చజెప్పి యొర్దాను నదికి దింపింది సొంత నౌకర్లు. ప్రతి మంచి మాటా ఆయన కంటే కింద ఉన్నవాళ్ల నోటి నుంచే వచ్చింది.

రెహబాము రాజు కథ దీనికి ఎదురు కథ. తమ మీది బరువు తగ్గించమని జనం అడిగితే మూడు రోజులు గడువు తీసుకున్నాడు. పెద్దలను అడిగాడు, తనతో పెరిగిన కుర్రాళ్లనూ అడిగాడు. తనకు నచ్చిన మాట కుర్రాళ్లు చెప్పారు. పది గోత్రాలు చేజారిపోయాయి. సలహా అడగడం, సలహా పుచ్చుకోవడం రెండూ ఒకటి కావని మూడు రోజుల ఆ సంప్రదింపులు చెబుతున్నాయి. ఈ రోజుల్లో జరిగే ప్రజాభిప్రాయ సేకరణలు చూసినప్పుడల్లా నాకు రెహబామే గుర్తొస్తాడు.

2. పొరుగు నుంచి నేర్చుకున్న గ్రంథం

వినమని చెప్పే సామెతల గ్రంథం తాను ఎవరి మాటైనా విన్నదా? విన్నది. ఈజిప్టులో అమెనెమోపే అనే ఉద్యోగి తన కొడుకు కోసం రాసిన ఉపదేశ గ్రంథం ఒకటి పపైరస్ చుట్ట మీద దొరికింది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ చుట్టను బడ్జ్ అనే పండితుడు 1923లో ప్రచురించాడు. మరుసటి సంవత్సరమే జర్మన్ పండితుడు ఎర్మాన్ దానికీ, సామెతల గ్రంథం 22, 23 అధ్యాయాలకూ ఉన్న దగ్గరి పోలికలను చూపించాడు. బీదవాణ్ణి దోచుకోవద్దు, పొలం గట్టురాయి జరపవద్దు, కోపిష్ఠివాడితో స్నేహం వద్దు: అదే బుద్ధి. ఏది ముందు, ఏది వెనక అనే చర్చ కొంత నడిచినా, ఈజిప్టు గ్రంథమే పాతదని నేడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఇది విని కొందరు విశ్వాసులకు మనసు చివుక్కుమంటుంది. నాకు మాత్రం ఇక్కడే ఆ గ్రంథం మీద గౌరవం పెరిగింది. ఇశ్రాయేలును బానిసత్వంలో పెట్టిన దేశం ఈజిప్టు. ఆ దేశపు గుమాస్తా చెప్పిన మంచిమాటను కూడా తీసుకుని, తమ దేవుని భయం అనే పునాది మీద నిలబెట్టుకున్నారు. 25వ అధ్యాయం మొదట్లో హిజ్కియా రాజు మనుషులు పాత సామెతలను ఎత్తిరాశారని ఉంది. 30వ అధ్యాయం ఆగూరుది. 31వ అధ్యాయం లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పినది. ఈ ఇద్దరూ ఇశ్రాయేలీయులు కాకపోవచ్చని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. పరాయి దేశం గుమాస్తాకు, ఒక తల్లికి, ముందుతరం వాళ్లకు, ఆఖరికి చీమకు కూడా గురుపీఠం వేసిన పుస్తకం అది.

3. గోదావరి ఎగువన

ఇప్పుడు మన నేలకు వద్దాం. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాక సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. భద్రాచలం, రేకపల్లి కూడా అందులోవే. 1874లో ఆ జిల్లా రద్దయి, సిరోంచ చాందా జిల్లాలోకి, భద్రాచలం వైపు తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోకి వెళ్లాయి. గడ్చిరోలి విడి జిల్లా అయింది 1982లో. పాలకులు గీతలు మార్చినా ఒకే నది, ఒకే అడవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో హిందీ, అడవి ఊళ్లలో గోండి, మాడియా. ఇక్కడ పుట్టిన పిల్లవాడు ఎవరో ఒకరి దగ్గర మాట నేర్చుకోకుండా బతకలేడు.

ఎగువ గోదావరిలో పడవలు నడిపించాలని ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకం కింద హేగ్ అనే ఇంజనీరు దుమ్ముగూడెంలో పని చేయించాడు. ఆ పథకం 1871లో మూలపడింది. కానీ ఆ పనుల చోటే కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం ఒకటి మొదలైంది. హేగ్ కింద పనిచేసిన వెంకట్రామరాజు అనే తెలుగు ఉద్యోగి క్రైస్తవుడై, ఉద్యోగం వదులుకుని, కోయల మధ్య ప్రచారకుడుగా స్థిరపడి, తరవాత గురువుగా అభిషేకం పొందాడు. కోయలతో పని చేయించే పక్షం నుంచి కోయలతో కలిసి బతికే పక్షానికి ఆయన మారాడు. ఆ రోజుల్లో అంతస్తు ఉన్న ఒక తెలుగువాడికి అది చిన్న దూరం కాదు.

తరవాత అక్కడికి వచ్చిన జాన్ కెయిన్ సుదీర్ఘకాలం దుమ్ముగూడెంలో ఉండి కోయ మాట నేర్చుకున్నాడు. కోయల ఇంటిపేర్లు, పెళ్లిళ్లు, పండుగల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వ్యాసాలు రాశాడు. నేటికీ ఆ కాలపు కోయ జీవితం మీద పని చేసేవాళ్లు ఆయన రాతలను చూడక తప్పదు. వాటిలో బోధించడానికి వచ్చినవాడి పెద్దరికం కూడా అక్కడక్కడా కనబడుతుంది. కోయల దేవుళ్ల గురించి రాసేటప్పుడు ఆయన చెవి సరిగా పనిచేయలేదు. మాట నేర్చుకున్నంత సులువుగా మనిషి విలువ నేర్చుకోలేమని ఆ రాతలే సాక్ష్యం. సిరోంచలో ఆ శతాబ్దం చివర్లో స్థిరపడిన అమెరికా మెథడిస్టు మిషను కూడా మధ్యపరగణాల్లో ఉంటూ తెలుగులో పని చేసింది. ఈ సభలో చాలామంది తాతముత్తాతలు అక్షరాలు దిద్దింది అక్కడే.

4. మన జిల్లా చెప్పిన పాఠాలు

1973 డిసెంబరులో బాబా ఆమ్టే హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. ఆయన కుమారుడు ప్రకాశ్ ఆమ్టే, కోడలు మందాకినీ ఆమ్టే ఇద్దరూ డాక్టర్లు. రోడ్డు, కరెంటు లేని అడవిలో మందులు పట్టుకుని కూర్చుంటే మాడియా జనం రాలేదు. డాక్టర్లే మాడియా భాష నేర్చుకుని రోగి మాటలో మాట్లాడటం మొదలుపెట్టాకే నమ్మకం కుదిరింది. వైద్యం చేయవలసినవాళ్లు ముందు విద్యార్థులయ్యారు. 2008లో ఆ దంపతులకు రామన్ మెగసేసే పురస్కారం వచ్చింది.

అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చి 1986లో గడ్చిరోలిలో సెర్చ్ సంస్థను స్థాపించారు. ఎలాంటి ఆసుపత్రి కావాలని ఆదివాసులను అడిగారు. పెద్ద పెద్ద భవనాలంటే భయమని, రోగితో పాటు ఇంటివాళ్లు ఉండే వీలు కావాలని జనం చెప్పారు. అందుకే సంస్థ ఆవరణ అయిన శోధ్‌గ్రామ్‌లో ఆసుపత్రి ఆదివాసీ ఊరిలా గుడిసెల వరసతో వెలిసింది. దానికి ఆదివాసుల దేవత దంతేశ్వరి పేరే పెట్టారు. రెహబాము అడిగి వదిలేశాడు. వీళ్లు అడిగి, జనం చెప్పింది కట్టారు.

అంతటితో ఆగలేదు. పసిపిల్లలు పుట్టిన నెలలోపే ఎందుకు చనిపోతున్నారో ఊరూరా లెక్క రాయించారు. ఊళ్లోని స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటివద్దే పసికందుల సంరక్షణ అప్పగించారు. 39 ఊళ్లలో చేసిన ఆ పని ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి; నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. డాక్టరు మాత్రమే చేయగలడనుకున్న పనిని కొద్దిగా చదువుకున్న పల్లెటూరి ఆడపడుచు చేసి చూపించింది. తరవాత దేశమంతటా ఆశా కార్యకర్తలకు ఇదే పద్ధతి నేర్పారు. నయమాను ఇంటి బందీ పిల్ల మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చూడలేదు.

ధనోరా తాలూకాలోని మెంఢా-లేఖా గోండు గ్రామం నా వాదనకు అసలైన ఆధారం. దేవాజీ తోఫా అనే ఊరి నాయకుడు, మోహన్ హీరాబాయి హీరాలాల్ అనే కార్యకర్త కలిసి ఆ ఊళ్లో రెండు వేదికలను విడదీసి నడిపారు. ఒకటి అభ్యాస్ గట్, అంటే చదువు బృందం. అందులో ఎవరైనా కూర్చోవచ్చు, బయటివాళ్లూ రావచ్చు, చట్టం గురించి, వెదురు గురించి, తేనె గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు; నిర్ణయం మాత్రం చేయకూడదు. రెండోది గ్రామసభ. నిర్ణయం అక్కడ, అందరూ ఒప్పుకున్నాకే. ఒక్కరు కాదన్నా మళ్లీ చర్చే.

ఈ ఏర్పాటులో ఉన్న తెలివి గమనించండి. నిర్ణయం చేసే చోట మనిషి తన మాట నెగ్గించుకోవాలని చూస్తాడు. నిర్ణయం లేని చోట ఓడిపోయే భయం ఉండదు కాబట్టి నేర్చుకుంటాడు. అటవీ హక్కుల చట్టం వచ్చేసరికి ఆ ఊరు చదువుకుని సిద్ధంగా ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది. 2011 ఏప్రిల్‌లో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి, వెదురు తరలింపు పాసులు ఇచ్చే అధికారాన్ని గ్రామసభకు అప్పగించారు. ప్రభుత్వమే ఊరి మాట వినాల్సి వచ్చింది. యిత్రో సలహాతో మోషే కట్టిన ఏర్పాటు లాంటిదే ఈ గోండు ఊరు బైబిలు చదవకుండానే కట్టుకుంది.

5. వినడానికీ విచక్షణ కావాలి

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఆదివాసికి, దళితుడికి, ఆడపిల్లకు "చెప్పింది విను" అని తరతరాలుగా చెబుతూనే ఉన్నారు కదా. మళ్లీ అదే పాఠమా? న్యాయమైన ప్రశ్న. బైబిలు దానికి తానే జవాబిస్తుంది. అమాయకుడు ప్రతి మాటా నమ్ముతాడని, వివేకి అడుగు చూసి వేస్తాడని సామెతలే చెబుతాయి. యోబు గ్రంథంలో స్నేహితులు అధ్యాయాల కొద్దీ ఉపదేశం చేస్తారు. మాటలన్నీ వినడానికి భక్తిగానే ఉంటాయి. చివర్లో దేవుడు ఆ ఉపదేశకుల మీదే కోపగించి, వాళ్లు చెప్పింది తప్పని తేలుస్తాడు. యోబు ఒప్పుకోకపోవడమే అక్కడ నీతి. కాబట్టి వినడమంటే లొంగిపోవడం కాదు. వినమనే ఈ ఉపదేశం ముందుగా వర్తించేది పైన ఉన్నవాడికి.

ఉపాధ్యాయులతో ఒక మాట. సామెతల్లో బెత్తం ప్రస్తావన ఉందని చూపించి పిల్లలను కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అదే గ్రంథం, వివేకికి ఒక్క గద్దింపు పనిచేసినంతగా మూర్ఖుడికి వంద దెబ్బలు పనిచేయవని కూడా అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. భయంతో కూర్చున్న పిల్లవాడు మన మాట వింటున్నాడనుకోవడం మన భ్రమ. వాడు మన చెయ్యిని చూస్తున్నాడు.

6. మేడిగడ్డ దగ్గర

చెవి మూసుకున్న కథ కూడా మన ఎదురుగానే ఉంది. అటు మేడిగడ్డకు, ఇటు మన తాలూకాలోని పోచంపల్లికి మధ్య కట్టిన బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న దాని పియర్లు కుంగాయి. ఎందుకు కుంగాయో తేల్చడం ఇంజనీర్ల పని, విచారణ సంఘాల పని. ఆ తీర్పు నాది కాదు. నేను మాట్లాడేది ఇటు ఒడ్డున పొలం ఉన్న రైతు గురించి. వెనకనీళ్లు చేనులోకి వస్తున్నాయని సిరోంచ వైపు రైతులు కుంగుబాటుకు ముందు నుంచే మొత్తుకుంటూ వచ్చారు. రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కాగితం మీద ఉంది. కానీ ఆ రైతు రెండు రాజధానులకూ దూరం, రెండు ఆఫీసుల్లోనూ పరాయివాడు.

మొదట మాట్లాడినవాడి వాదం న్యాయంగానే కనబడుతుందని, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించాకే నిజం తేలుతుందని సామెతల గ్రంథం చెబుతుంది. పూర్తిగా వినకముందే జవాబిచ్చేవాడిది మూర్ఖత్వమని కూడా అంటుంది. ఈ రెండు మాటలూ భక్తి పుస్తకంలో ఉండిపోవడం వల్ల నష్టం. నీటిపారుదల ఆఫీసు గోడ మీద ఉండవలసినవి అవి. ఇంత పెద్ద కట్టడానికి, ఒడ్డున ఉన్న మనిషి మాటను రాసుకుని సమాధానం ఇచ్చే ఏర్పాటు కూడా భద్రతలో భాగమే.

7. మనం చేయగలిగింది

అందుకే మీ అందరికీ మూడు విన్నపాలు.

సంఘ పెద్దలకు: అపొల్లో గొప్ప వక్త. లేఖనాల్లో ప్రవీణుడు. అయినా డేరాలు కుట్టుకుని బతికే ప్రిస్కిల్ల, అకుల దంపతులు ఆయనను ఇంటికి పిలిచి, ఆయనకు తెలియని సంగతి నేర్పారు. ఆయన నేర్చుకున్నాడు. మీ ప్రసంగం గురించి, లెక్కల గురించి సంఘంలోని స్త్రీలు, కూలివాళ్లు భయం లేకుండా మాట చెప్పే కూటమి ఒకటి నెలకోసారి పెట్టండి. ఆ రోజు పెద్దలు జవాబు చెప్పకూడదు, రాసుకోవాలి. జవాబు వచ్చే నెల చెప్పాలి.

ఉపాధ్యాయులకు: ఈ తాలూకా బళ్లలో మాడియా, గోండి పిల్లలు మరాఠీలో తడబడితే మందబుద్ధి అనుకోవద్దు. వాళ్లు మీకంటే ఒక భాష ఎక్కువ మోస్తున్నారు. వారానికి ఒక గంట పిల్లలే గురువులుగా, మీరు శిష్యులుగా కూర్చోండి. చెట్ల పేర్లు, చేపల పేర్లు, ఇంట్లో వరసలు వాళ్లను అడిగి నేర్చుకోండి. మీరు తప్పు పలికినప్పుడు వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. పెద్దవాళ్లు దిద్దుబాటు ఎలా పుచ్చుకుంటారో పిల్లలు నేర్చుకునేది ఆ గంటలోనే.

ఊరి పెద్దలకు, అధికారులకు: మెంఢా-లేఖా మన జిల్లాలోనే ఉంది. చదువుకునే వేదికను, నిర్ణయించే వేదికను విడదీసిన ఆ పద్ధతిని సిరోంచ తాలూకాలో ఏ గ్రామసభ అయినా రేపే మొదలుపెట్టవచ్చు. డబ్బు అక్కర్లేదు, మంజూరు అక్కర్లేదు. ఒక చెట్టు నీడ, వారానికి ఒక సాయంత్రం, ఎదురు మాట్లాడినవాడి మీద పగ పెట్టుకోబోమని ఊరంతా ఇచ్చుకున్న మాట చాలు.

 నేను చెప్పినదాంట్లో తప్పుందని తోచినవాళ్లు ఇప్పుడే లేచి చెప్పండి. అధ్యక్షులవారు అనుమతిస్తే మిగిలిన సమయం మీది.